క్లారమ్మ గారి కాగితం

పదిన్నరయింది. పదకొండున్నరకి ఫాదర్ గారు వస్తామన్నారు, రువీ చర్చిలో రెండో పూజ అయిపోగానే నేరుగా ఇటే, మస్కట్‌లో మేముండే వాడీ కబీర్‌కి, కారులో పది నిమిషాలు, శుక్రవారం కాబట్టి రోడ్లు కూడా ఖాళీ, అంటే నా చేతిలో ఉన్నది ఒక్క గంట, ఈ గంటలో నేను సెలిన్ అక్కకి ఒక అబద్ధమన్నా చెప్పాలి, నిజమన్నా చెప్పాలి, రెండూ నోటి దాకా వచ్చి ఉన్నాయి, ఆవిడేమో నిద్రపోతోంది. నిద్ర అనకూడదు, మందు మత్తు. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెడుతున్నాను, ఇరవై రెండేళ్ళ నర్సు ఉద్యోగం, ఎక్కడ కూర్చున్నా కళ్ళు ఆ పనే చేస్తాయి, పక్కటెముకల కింద గుంట పడుతోంది, లేస్తోంది, ఇరవై ఆరు, ఇరవై ఏడు. అండాశయంలో మొదలైన జబ్బు, ఇప్పుడు పొట్టలో నీరు, ఊపిరితిత్తుల చుట్టూ నీరు, విమానం ఎక్కించొద్దని డాక్టరు పోయిన నెలే చెప్పేశాడు, ఇంక ఆస్పత్రిలో చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్ళండి అన్నాడు, ఇల్లంటే ఇదే, మేమిద్దరం పన్నెండేళ్ళుగా ఉంటున్న ఈ రూమ్, రెండు ఇనుప మంచాలు, ఒక బీరువా, కిటికీలోంచి చెట్టన్నది లేని గోధుమరంగు కొండ. కింద వర్క్‌షాపులు మూసి ఉన్నాయి, రేకుల మీద సుత్తి చప్పుడు లేని ఒక్క రోజు ఇది, పైగా రంజాన్, వీధిలో మనిషి అలికిడి లేదు, ఈ నిశ్శబ్దంలో ఆవిడ ఊపిరి మరీ పెద్దగా వినిపిస్తోంది. నా డ్యూటీ పక్క ఫ్లాట్ షైస్తా చేస్తోంది, ఉపవాసం ఉండి కూడా, నేను అడక్కముందే. మనుషులు ఇంత మంచివాళ్ళుగా ఉంటారు, అదే నాకు మరీ కష్టంగా ఉంది. కాసేపట్లో అక్క కళ్ళు తెరుస్తుంది, తెరవగానే రోజూ అడిగేదే అడుగుతుంది, కాగితం వచ్చిందా ఎవా అని, నేను రోజూ చెప్పేదే చెప్తాను, ఇంకా లేదక్కా అని, పది నెలలుగా ఇదే ప్రశ్న, ఇదే జవాబు, ఆవిడ తల ఊపి జపమాల వెతుక్కుంటుంది.

జపమాల అంటే మొదట్లో నాకు చిరాకు. మా నాన్న భీమవరం దగ్గర లూథరన్ పాస్టరు, నాకు ఎవాంజలిన్ అని పేరు పెట్టినాయన, పూసలు లెక్కపెట్టి దేవుణ్ణి పిలవక్కర్లేదు అని ఆదివారం ఆదివారం చెప్పినాయన, ఆ మాటలు వింటూ పెరిగిన నేను ముప్పై మూడేళ్ళ వయసులో ఈ రూమ్‌కి వచ్చేసరికి గోడ మీద ఒక బొమ్మ, బూడిదరంగు గుడ్డ కట్టుకున్న ఆడమనిషి, చేతిలో సత్ప్రసాదం పెట్టిన పాత్ర, ఎవరీవిడ అంటే పునీత క్లారమ్మ గారు అంది సెలిన్ అక్క, ఏదో పిన్నిని పరిచయం చేసినట్టు. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి మనిషి. ఇటలీలో అస్సీసి అనే ఊరు, పెద్దింటి పిల్ల, పద్దెనిమిదేళ్ళు, పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు, మట్టలాదివారం నాడు గుడిలో అందరూ వెళ్ళి మట్టలు తీసుకుంటుంటే ఈ పిల్ల మాత్రం కదలకుండా కూర్చుందట, బిషప్పు గారే మెట్లు దిగి వచ్చి చేతిలో పెట్టారట. అదే రోజు పొద్దుపోయాక ఇంట్లోంచి వెళ్ళిపోయింది. వీధి తలుపున కాపలా ఉంటుందని, ఎవరూ వాడని పక్క తలుపు ఒకటుంటే, దానికి అడ్డంగా పేర్చిన దుంగలు, రాళ్ళు తన చేతులతోనే తీసుకుంటూ బయటపడింది. చేతులు చెక్కుకుపోయి ఉంటాయి గదా ఎవా అనేది అక్క, పుస్తకంలో ఆ మాట లేదంట, నర్సు కాబట్టి ఆవిడకే తోచింది. కొండ కింద చిన్న గుడిలో ఫ్రాన్సీసు గారు, ఆయన తోటివాళ్ళు దివిటీలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు, ఆమె జుట్టు కత్తిరించారు, నగలు, పట్టుబట్టలు తీయించి గోనెలాంటి గుడ్డ కట్టించారు. ఆ తర్వాత మఠంలో నలభై ఏళ్ళు పైన, ఒక్క గోడల మధ్య, నేల మీద ద్రాక్షతీగల పరుపు, ఏటి రాయి తలగడ. నేను విని, మా లూథర్ గారి భార్య కూడా కన్యస్త్రీయేనక్కా, చేపల పీపాలు తోలే బండిలో దాక్కుని మఠంలోంచి పారిపోయి వచ్చిందట, మా నాన్న ప్రతి ఏడూ చెప్తారు అన్నాను, గొప్పగా. ఆవిడకి కోపం వస్తుందనుకున్నాను. నవ్వింది. ఒకావిడ పారిపోయి లోపలికెళ్ళింది, ఒకావిడ పారిపోయి బయటికొచ్చింది, నేను రెండూ చెయ్యలా అంది.

రెండూ చెయ్యలేదంటే ఏంటో తెలియడానికి ఇంకో ఏడాది పట్టింది. ఏదో సెలవు రోజు సాయంత్రం మత్రా కార్నిష్ మీద, సముద్రం పక్క రోడ్డున నడుస్తున్నాం, ఓడలు చూస్తూ, ఆవిడ సూక్ బజారు లోపలికి వచ్చేది కాదు, బంగారం కొట్ల ముందు నేను నిలబడితే దూరంగా సముద్రం వైపు తిరిగి నిలబడేది, రెండు చీరలు, రెండు డ్యూటీ డ్రెస్సులు, అంతకు మించి ఆవిడకేం ఉండేవి కావు. పల్నాడులో వాళ్ళ ఊరి చర్చి బళ్ళో ఉన్న చిన్న పుస్తకంలో క్లారమ్మ గారి కథ చదివిందట, పదమూడేళ్ళప్పుడు. పంతొమ్మిదేళ్ళకి కర్ణాటక కొండల్లో క్లారమ్మ గారి సభ వాళ్ళ మఠానికి వెళ్ళింది, ఒకసారి లోపలికి వెళ్తే మళ్ళీ బయటికి రాని మఠం, చుట్టాలొస్తే ఇనుప కటకటాల ఇవతల కూర్చుని మాట్లాడాలి. రెండేళ్ళ నాలుగు నెలలు ఉంది. అప్పుడు అన్న వచ్చాడు, ఇన్నయ్య, నాన్నకి పక్షవాతం, అమ్మ చెయ్యలేకపోతోంది, ఇంటికి రమ్మన్నాడు. క్లారమ్మ గారి చెల్లెలు ఆగ్నెస్ కూడా అక్క వెనకే మఠానికి వెళ్ళిపోతే, వాళ్ళ చిన్నాన్న పన్నెండు మందిని వెంటేసుకొచ్చాడట, జుట్టు పట్టుకుని కొండ కిందికి ఈడ్చారట, ఇవతల క్లారమ్మ గారు ఏడుస్తూ ప్రార్థన చేస్తుంటే ఆ చిన్నపిల్ల ఒళ్ళు సీసంలాగా బరువెక్కిపోయింది, పన్నెండు మంది కలిసి లేపలేకపోయారు, వదిలేసి పోయారు. అది చెప్పి అక్క ఓడల వైపు తిరిగింది. నేను బరువెక్కలా ఎవా, అంది. మా అన్న ఒక్కడే వచ్చాడు. నా సంచి కూడా నేనే మోసుకున్నా. నాన్నకి ఆరేళ్ళు చేసింది, మధ్యలో నర్సింగు చదివింది, అమ్మకి చేసింది, అన్న చనిపోతే అన్న పిల్లల్ని ఇక్కణ్ణించి చదివించింది, ఎవరూ ఆపకపోయినా ఇంక తిరిగి వెళ్ళడానికి ముఖం చెల్లలేదు. ఇక్కడ వార్డులో నిజ్వా పల్లెల నుంచి వచ్చే ముసలమ్మలుంటారు, పగిలిన మడమలతో, ఆవిడ డ్యూటీ దిగేముందు గోరువెచ్చని నీళ్ళు తెచ్చి ఒక్కొక్కళ్ళ కాళ్ళు కడిగేది, అది నర్సు పని కాదు, మేం వెక్కిరించేవాళ్ళం, ఆ ముసలమ్మలు ఆవిడ తల మీద చెయ్యి పెట్టి అరబ్బీలో ఏదో గొణిగేవాళ్ళు. క్లారమ్మ గారు తన మఠంలో పనిచేసే సిస్టర్ల కాళ్ళు కడిగేవారట, ఒకసారి ఒక సిస్టరు సిగ్గుపడి కాలు లాక్కోబోతే అది నోటికి తగిలిందట, ఆవిడ మళ్ళీ ఆ కాలే పట్టుకుని అరికాలు ముద్దు పెట్టుకున్నారట. ఇవన్నీ నాకు ఎప్పుడు చెప్పిందో, ఏది ముందో ఏది వెనకో గుర్తులేదు, అన్నం కలుపుతూ ఒకటి, బట్టలారేస్తూ ఒకటి, పన్నెండేళ్ళలో ఆ ఎనిమిది వందల ఏళ్ళ కిందటి ఆవిడ మా రూమ్‌లో మూడో మనిషైపోయింది.

ఇరవై ఎనిమిది. పెదవులు ఎండిపోతున్నాయి, దూది తడిపి అద్దాను, నాలుక కొంచెం కదిలింది. మా టిమోతి పోయినప్పుడు ఇలాగే నా పెదవులు తడిపింది ఈవిడే. నేను ఇక్కడికొచ్చిన ఐదో ఏడు, నా భర్త, జ్వరం జ్వరం అని నాలుగు రోజులు, ఐదో రోజు లేడు, టికెట్టు దొరకలేదు, మా ఊళ్ళో వానలు, ఇంక ఉంచలేమన్నారు, ఇదే మంచం మీద కూర్చుని ఫోనులో చూశాను సమాధి కార్యక్రమం, మా మరిది ఫోను పట్టుకుని నడుస్తుంటే టిమోతి కనపడేవాడు, గొడుగులు కనపడేవి, బురద కనపడేది, మళ్ళీ టిమోతి. సిగ్నల్ పోయింది, అక్కడితో అయిపోయింది, మట్టి వేయడం నేను చూడలేదు. అప్పుడు అక్క నా వెనక కూర్చుని నా వీపు తన ఒంటికి ఆనించుకుని చెప్పింది, క్లారమ్మ గారు ఇరవై ఎనిమిదేళ్ళు మంచం పట్టారు ఎవా, లేపి కూర్చోబెడితే దిండ్లకానుకుని చుట్టుపక్కల పేద గుళ్ళకి బలిపీఠం గుడ్డలు కుట్టేవారు, ఒక క్రిస్మస్‌కి సిస్టర్లందరూ గుడికెళ్ళిపోయారు, ఈవిడ ఒక్కతే మిగిలింది, స్వామీ నన్నొక్కదాన్నే వదిలేశావా అనుకుందంట, అనుకోగానే ఎక్కడో ఉన్న గుడిలో పూజ మొత్తం ఈవిడకి వినపడింది, పాటలు, గంట, అన్నీ, పశువుల తొట్టి కూడా కనపడిందంట. నాకేం కనపడలేదక్కా, సగంలో కట్ అయింది అన్నాను నేను. తెలుసు అంది. ఆ మిగతా సగం నీకెవరూ చూపించలేరు, నేనూ చూపించలేను, ఏడువు, అంది. ఆ తర్వాత నలభై రోజులు నాకు వండిపెట్టింది. అప్పటి నుంచే, ఇప్పుడు లెక్కవేస్తే అప్పటి నుంచే, ఈవిడ లేని రూమ్ ఎలా ఉంటుందో ఊహించడం మానేశాను.

పోయిన మేలో నేను లీవుకి వెళ్తున్నాను. అప్పటికి జబ్బు తెలిసి ఏడాది, మందులు ఎక్కించి ఎక్కించి ఆవిడ వేళ్ళు మొద్దుబారిపోయాయి, పెన్ను పట్టుకుంటే జారిపోయేది. ఒక ఉత్తరం రాసిపెట్టు ఎవా అంది. ఆవిడ తెలుగులో చెప్పింది, నేను ఇంగ్లీషులో రాశాను, మఠం అమ్మగారికి, నన్ను తిరిగి రానిస్తారా, సిస్టరుగా కాకపోయినా సరే, ఏ మూల గదిలోనైనా, నాకింక ఎక్కువ రోజులు లేవు, మీకు భారం కాను. ఇక్కణ్ణించి వేస్తే ఎక్కడ పోతుందో, ఇండియాలో పోస్టులో వెయ్యి అంది. సరేనక్కా అన్నాను. హ్యాండుబ్యాగులో పెట్టుకున్నాను. భీమవరంలో ఇరవై రోజులున్నాను, పోస్టాఫీసు మా ఇంటి నుంచి నాలుగు అడుగులు, రోజూ దాని ముందునుంచే వెళ్ళాను. అక్కడ మంచి వైద్యం ఉండదు అనుకున్నాను, ఇక్కడ నేనున్నాను, మందులున్నాయి, అక్కడ రాతి గది, చన్నీళ్ళు. బతికుండగానే సమాధిలోకి వెళ్ళడం కాకపోతే ఏంటి ఇది అనుకున్నాను, మా నాన్న ఉంటే మెచ్చుకునేవాడు. పోనీ రేపు వేద్దాం అనుకున్నాను. తిరుగు ప్రయాణంలో హైదరాబాద్ ఎయిర్‌పోర్టు బాత్‌రూమ్‌లో దాన్ని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసి, చేతులు కడుక్కుని, విమానం ఎక్కాను. మస్కట్‌లో దిగి రూమ్‌కి వస్తే, జుట్టంతా ఊడిపోయిన తలకి స్కార్ఫు కట్టుకుని తలుపు తీసింది, వేశావా అంది, వేశాను అన్నాను. ఆ ఒక్క మాట అంత తేలిగ్గా వచ్చింది. అప్పటికింకా ఆవిడ విమానం ఎక్కగలిగే మనిషి. జూన్, జులై, ఆగస్టు, క్లారమ్మ గారి పండగ కూడా వెళ్ళిపోయింది, ఆ రోజు కొంచెం దిగులుగా, పాత అమ్మగారు పోయుంటారులే, కొత్తావిడకి నేనెవరో తెలీదు గదా అంది. నేను పప్పులో తాలింపు పెడుతున్నాను. తిరిగి చూడలేదు.

నిన్న సాయంత్రం ఆవిడకి ఒళ్ళు తుడుస్తుంటే చెప్పింది, ఇంతవరకూ చెప్పని ఆఖరి సంగతి. క్లారమ్మ గారు తన మఠానికి తనే నియమాలు రాసుకున్నారంట, ఆస్తి ఏదీ ఉండకూడదు, గింజలు దాచుకోకూడదు, పూటకి దొరికింది తినాలి. అంత పేదరికం ఆడవాళ్ళ వల్ల కాదని పెద్దలు ఒప్పుకోలేదు, ఒక పోపు గారైతే నీ మాట నుంచి నిన్ను విడిపిస్తానన్నారంట, నా పాపాల నుంచి విడిపించండి చాలు, క్రీస్తు వెనక నడవడం నుంచి నాకు విడుదల అక్కర్లేదు అందంట. ఆ నియమాల మీద పోపు గారి సంతకం కోసం ఏళ్ళ తరబడి చూసింది, మంచంలో చూసింది, పదిహేడు రోజులు ముద్ద మింగకుండా చూసింది, చివరికి పోపు గారి ముద్ర వేసిన కాగితం రానే వచ్చింది, ముద్దు పెట్టుకుంది, మళ్ళీ మళ్ళీ పెట్టుకుంది, మర్నాడు పోయింది. ఆరు వందల ఏళ్ళ తర్వాత కూడా ఆ కాగితం ఆవిడ బట్టల మడతల్లో దొరికిందంట. చెప్తూ చెప్తూ అలసిపోయి, నాకు కూడా వస్తుందేమోలే ఎవా, అంది. తువ్వాలు నా చేతిలో చల్లబడిపోయింది.

పొద్దున లేచి ఫోనులో రాశాను, మఠం అమ్మగారు రాసినట్టు, ఇంగ్లీషులో, ప్రియమైన సెలిన్, నీ ఉత్తరం ఆలస్యంగా అందింది, మన్నించు, నువ్వు ఎక్కడున్నా ఈ మఠం బిడ్డవే, నీ గది నీకోసం ఉంది. రాసి చదువుకుంటే నాకే ఏడుపొచ్చింది, అంత బాగా కుదిరింది. మెయిల్ వచ్చిందక్కా అని చదివితే చాలు, ఆవిడ ముఖం ఎలా అవుతుందో నాకు తెలుసు, ఫాదర్ గారు పోయేముందు రాసే నూనె రాసేసరికి ఆ ముఖంతో ఉంటుంది. ఎవరికి నష్టం. ఫాదర్ గారు ఆవిడ దగ్గర పాపసంకీర్తనం వింటారు, నేను బయట వంటింట్లో నిలబడతాను, మాకు ఆ పద్ధతి లేదు, మేం నేరుగా దేవుడికే చెప్పుకుంటాం, దేవుడికి పది నెలలుగా చెప్తూనే ఉన్నాను, ఆయనకి చెప్పడం ఎంత సులువో. ఆయన, కాగితం వచ్చిందా అని అడగడు.

పదకొండూ ఐదు. కనురెప్పలు కదిలాయి. కళ్ళు ముందు కొండ వైపు, తర్వాత నా వైపు తిరిగాయి. "ఎవా," అంది. "కాగితం వచ్చిందా?"

ఫోను నా చేతిలోనే ఉంది. తెర వెలిగే ఉంది. చదవడానికి నోరు తెరిచాను, తెరిస్తే వేరే మాట వచ్చింది. "ఉత్తరం నేను వెయ్యలేదక్కా."

ఆవిడకి అర్థం కాలేదనుకుని మళ్ళీ చెప్పాను, మేలో, హైదరాబాద్‌లో, చింపేశాను, పోస్టాఫీసు పక్కనే ఉన్నా వెయ్యలేదు, అన్నీ వరసన చెప్పుకుపోతుంటే చెయ్యి కొంచెం లేపింది, చాలు అన్నట్టు. ముప్పై. ముప్పై ఒకటి. "ఎందుకని?" అంది. వైద్యం గురించి చెప్పబోయాను, చన్నీళ్ళ గురించి, ఆ మాటలేవీ బయటికి రాలేదు. "నువ్వు వెళ్ళిపోతే ఈ రూమ్‌లో నేనొక్కదాన్నే కదక్కా," అన్నాను.

ఆవిడ కొండ వైపు తిరిగింది. పన్నెండేళ్ళలో నేను చేసిన ఏ తప్పుకీ ఆవిడ పోనీలే అనకుండా ఉన్నది లేదు, ఆ పోనీలే కోసం చూస్తూ కూర్చున్నాను, గడియారం ముల్లు కదులుతోంది, అది రాలేదు. గోడతో చెప్పినట్టు చెప్పింది.

"పది నెల్ల నుంచి వాళ్ళే నన్ను వద్దన్నారనుకుంటన్నా. పైకి వాళ్ళ కోసం జపం చెప్తా, లోపల వాళ్ళ మీద కోపం పెట్టుకున్నా. ఇయ్యాల ఫాదర్ గారికి చెప్పుకోవాల్సిన పాపం అదే అనుకున్నా."

ఆవిడ కాళ్ళ దగ్గర దుప్పటి సర్దబోయాను, వద్దంది. కళ్ళు మూసుకుని ఊపిరి కూడదీసుకుంది, మళ్ళీ తెరిచింది. "పెన్ను తీసుకో," అంది.

ఇప్పుడు రాస్తే అది చేరేసరికి, అని నేను మొదలుపెట్టి ఆపేశాను. ఆవిడకి తెలుసు. జవాబు కోసం కాదు, నేను అడిగినట్టు వాళ్ళకి తెలియాలి అంది. డ్యూటీ పుస్తకంలోంచి కాగితం చింపి మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. ఒక్కో ముక్కకీ మధ్య నాలుగైదు ఊపిరులు. ముప్పై ఐదేళ్ళ కింద మీ దగ్గర రెండేళ్ళ నాలుగు నెలలు ఉన్న సెలిన్‌ని. కూరగాయల మడి నాది. పొద్దున మొదటి గంట కొట్టే పని కూడా కొన్నాళ్ళు నాదే. నన్నెవరూ బలవంతంగా లాక్కుపోలేదు, నేనే వెళ్ళాను. తిరిగి రావాలని చాలాసార్లు అనుకున్నాను, ఇప్పుడింక రాలేను. పోయిన సిస్టర్ల పేర్లు మీరు చదివే రోజున నా పేరు కూడా చదవండి. నియమం ఒప్పుకోకపోతే చదవద్దు. నేను తెలుగులో విని ఇంగ్లీషులో రాస్తున్నాను, ఒక్క మాట కూడా కలపకుండా, ఒక్క మాట కూడా తియ్యకుండా, నా జీవితంలో ఇంత జాగ్రత్తగా ఏదీ రాయలేదు.

బెల్లు మోగింది. ఫాదర్ గారు. లేవబోయాను.

"ఉండమను," అంది అక్క. "ఇంకో ముక్క ఉంది."

గదిలోంచే, రెండు నిమిషాలు ఫాదర్ అని గట్టిగా అన్నాను. బయట ఆయన దగ్గు వినపడింది, సంచి నేల మీద పెట్టిన చప్పుడు వినపడింది.

"ఈ ఉత్తరం మీకు పది నెల్ల కింద అందాల్సింది, అని రాయి. ఆలస్యానికి కారణం..." అని ఆగింది. ఆయాసం. పెన్ను కాగితం మీద ఆనించి పట్టుకున్నాను. "జబ్బు అని రాయనా అక్కా?" అన్నాను, ఎంత మెల్లగా అన్నానంటే నాకే వినపడలేదు.

"జబ్బు కాదు. జరిగింది రాయి."

రాశాను. మూడు వాక్యాలు. నేలకేసి చూస్తూ చదివి వినిపించాను. విని, పేరేదీ అంది. సెలిన్ అని ముందే రాశానక్కా అన్నాను.

"నా పేరు కాదు, నీది. ఇంటిపేరుతో సహా రాయి. ఊరికే ఒక స్నేహితురాలు అని రాస్తే, వాళ్ళు నీకోసం ఎవరని చెప్పి ప్రార్థన చేస్తారు?"

అక్షరం తర్వాత అక్షరం, బళ్ళో రాసినట్టు, విడివిడిగా, మా నాన్న ఇంటిపేరు, మా నాన్న పెట్టిన పేరు, మొత్తం రాశాను. కాగితం ఆవిడ చేతి కింద పెట్టి, తలుపు తియ్యడానికి లేచాను.